కొండ దగ్గర ఆగే బొమ్మ

మా శుక్రవారం ముఠాలో అందరూ కెప్టెన్లే. పళ్ళ డాక్టరు రంజీ కెప్టెన్, మందుల షాపు లబీబ్ కెప్టెన్, సీదీ గాబర్ స్టేషన్ వెనక సందులో కంప్యూటర్ విడిభాగాలు అమ్ముకునే ఈ వగ్దీ, అంటే నేను, కూడా కెప్టెనే. మాలో ఒక్కడూ నిజం విమానం తోలినవాడు కాదు. అలెగ్జాండ్రియాలో ఎవరింట్లో వాళ్ళం కంప్యూటర్ తెర ముందు కూర్చుని, విమానం నడిపే ఆటలో, భోజనాలయ్యాక ఒకరి వెనక ఒకరం జెడ్డాకో బీరూట్‌కో ఎగురుతాం. మధ్యలో ఇంట్లో ఆవిడ కేకేస్తే విమానాన్ని గాల్లోనే ఆపేసి, చెత్తబుట్ట బయటపెట్టి వచ్చి మళ్ళీ ఎగురుతాం. అయినా రేడియోలో గొంతులు బిగించి మాట్లాడుకుంటాం. చూసేవాళ్ళకు నవ్వొస్తే నవ్వుకోనివ్వండి, మాకేం సిగ్గు లేదు.

ముఠాలో నిజం పైలటు నషాత్ గారొక్కరే. ప్రయాణికుల విమానాలు నడిపి నడిపి రిటైరయ్యారు. విచిత్రమేమిటంటే ఆయన్నొక్కరినే మేం కెప్టెన్ అనం. అనొద్దని ఆయనే చెప్పారు. "మా ఇంట్లో కెప్టెన్ అంటే ఇప్పుడు తైమూరే. నేను ముసలాణ్ణి, హాజీ అనండి చాలు," అన్నారు. కొడుకు బతికున్న రోజుల్లో గర్వంగా అన్న మాట అది. కొడుకు పోయాక కూడా ఆ పిలుపు మార్చడానికి మాకెవరికీ నోరు రాలేదు.

తైమూర్ ఒక చిన్న సరుకుల కంపెనీలో పాత విమానాలు నడిపేవాడు. కిందటి చలికాలం, దక్షిణాన కొండల మధ్య ఉన్న ఒక ఊళ్ళో దిగబోతూ, మబ్బులోంచి బయటికొచ్చీ రాగానే కొండను కొట్టాడు. అతనూ, పక్క సీట్లో ఉన్న కుర్ర పైలటూ, వెనక మందుల పెట్టెలూ, ఏమీ మిగల్లేదు. విచారణలో తేలింది ఒక్కటే మాట: హెచ్చరిక మోగింది, పైకి లాగడానికి వ్యవధి ఉంది, కెప్టెన్ లాగలేదు. కంపెనీ చేతులు దులుపుకుంది. పరామర్శకని వెళ్ళిన నషాత్ గారి మొహం మీదే కుర్ర పైలటు తల్లి తలుపేసింది. "నా కొడుకుని నీ కొడుకే చంపాడు, పో," అని తలుపు వెనకనుంచి అరిచిందట.

ఆ తర్వాత ఆయన మాతో ఎక్కడికీ ఎగరలేదు. శుక్రవారం మేమంతా జెడ్డా దారిలో ఉంటే, మా తెరల మీద ఆయన విమానం చుక్క తైమూర్ పోయిన ఆ కొండల లోయ మీదే తిరుగుతూ ఉండేది. దిగుతూ ఉండేది, కొండ దగ్గర మాయమయ్యేది, మళ్ళీ పైన ప్రత్యక్షమయ్యేది. ఎవరం ఏమీ అడగలేదు. లబీబ్ ఒకసారి రేడియో కట్టేసి ఏడ్చాడు.

ఒక తుపాను వానలో ఆయన మా షాపుకు వచ్చారు. కంప్యూటర్‌ను దుప్పట్లో చుట్టి, చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని వచ్చారు. తాను తడిసి ముద్దయ్యారు గానీ దాని మీద చుక్క నీరు పడనివ్వలేదు.

"ఇంజినీరూ, దీని సంగతి చూడు," అన్నారు. మా ఊళ్ళో స్క్రూడ్రైవర్ పట్టినవాడల్లా ఇంజినీరే. నేను చదివింది కామర్సు, అదీ సగం.

"ఏమైంది హాజీ? ముందు కూర్చోండి. టీ చెప్తా."

"టీ తర్వాత. కొండ దగ్గర తెర మీద బొమ్మ ఆగుతోంది."

ఏ కొండ అని నేను అడగలేదు. ఆయనే చెప్పుకొచ్చారు. విచారణ మళ్ళీ తెరిపించాలని లాయరును పెట్టుకున్నారు. అదే విమానం, అదే బరువు, అదే గాలి, అదే మబ్బు పెట్టి, నివేదికలో ఉన్నది ఉన్నట్టుగా నడిపి వీడియో తీశారు. ఎన్నిసార్లు నడిపినా కొండ తగులుతూనే ఉంది. అంటే ఎవరు నడిపినా తగులుతుంది. అంటే తప్పు తైమూర్‌ది కాదు. ఇదీ ఆయన వాదన.

"మరి లాయరేమన్నాడు?"

"నవ్వాడు వగ్దీ. సరిగ్గా కొండ దగ్గర బొమ్మ ఆగి గెంతుతోంది కదా, దాన్ని చూపించి నవ్వాడు. 'హాజీ, మీ అబ్బాయి సంగతి తెలీదు గానీ, ఇక్కడ కొండని కొట్టింది మాత్రం మీ కంప్యూటరే' అన్నాడు. ఆగకుండా నడిచే వీడియో తెస్తే అర్జీతో పాటు పెడతానన్నాడు."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ లాయరు ఎదురుగా ఉంటే ఏం చేసేవాణ్ణో తెలీదు. లేడు కాబట్టి దుప్పటి విప్పి పని మొదలుపెట్టాను.

"రంజీ కొన్న పదహారు కోర్ల ప్రాసెసర్ ఉంది చూడు, అలాంటిది పడెయ్," అన్నారాయన. "వెనకాడకు."

"రంజీ మాట ఎత్తకండి హాజీ. పళ్ళు పీకేవాడికి ప్రాసెసరెందుకు? వాడి మిషన్ మీదానికన్నా అన్యాయంగా నత్తలా నడుస్తుంది. ఎక్కువ కోర్లుంటే చాలనుకున్నాడు పెద్దమనిషి."

"ఎక్కువుంటే మంచిది కాదా?"

"కుషరీ బండి దగ్గర నిలబడ్డారు కదా ఎప్పుడైనా? బండికి పదహారు మందిని పెట్టుకున్నా, గిన్నె నింపేది గరిట పట్టుకున్న ఒక్కడే. మిగతావాళ్ళు నిలబడి కబుర్లు చెప్పుకుంటారు. ఈ ఆట కూడా అంతే, బరువంతా తీసుకెళ్ళి ఒక్క కోర్ నెత్తిన పెడుతుంది. ఆ ఒక్కడి చెయ్యి చురుగ్గా ఉండాలి. అన్నం, పప్పు, వేయించిన ఉల్లిపాయ వాడి చేతికందేంత దగ్గర్లో ఉండాలి. నేనిచ్చేదానికి కోర్లు ఎనిమిదే. కానీ దాని లోపలి క్యాష్ పెద్దది. అంటే చేతికందే బల్ల పెద్దదన్నమాట. మీ బోర్డు మార్చక్కర్లేదు, అదే సాకెట్‌లో కూర్చుంటుంది."

"సరే. మరి కొండ దగ్గరే ఎందుకు ఆగుతోంది? పైన బాగానే నడుస్తుందిగా."

"పైన ఏముంది, మబ్బు. మబ్బు దాటగానే కొండ, ఊరు, ఇళ్ళు, చెట్లు అన్నీ ఒక్కసారే కావాలి. మీ మెమరీ అప్పటికే నిండిపోయి ఉంటుంది. ఇక డిస్క్ దగ్గరికి పరిగెత్తాలి. అది వెళ్ళి తెచ్చేలోపు బొమ్మ ఆగిపోతుంది. కదిలేసరికి మీరు కొండలో ఉంటారు."

"నేను కొండలో ఉంటాను," అని ఆయన నా మాటనే నెమ్మదిగా అప్పజెప్పారు.

మూత తీసి చూస్తే బోర్డు మీద మెమరీ నాలుగు ముక్కలుంది. రెండు ఒక కంపెనీవి, రెండు వేరే కంపెనీవి. వాటి వేగాలు కూడా వేరు. చవకరకం పని చూస్తే నాకు నోరు ఆగదు.

"ఏ గాడిద పెట్టాడు దీన్ని? వేగం కలవని నాలుగింటిని ఒకచోట కడితే, బోర్డు అన్నిటినీ లాక్కొచ్చి అన్నిటికన్నా నీరసమైనదాని వేగంతోనే నడిపిస్తుంది. జతగా వచ్చిన రెండు ముక్కలు పెట్టి, బోర్డు సెట్టింగుల్లో వాటి అసలు వేగం ఆన్ చేస్తే సరిపోతుంది. ఎవడు హాజీ మీకు ఇది అంటగట్టింది?"

"తైమూర్," అన్నారాయన. "చివరిసారి సెలవుకొచ్చినప్పుడు పెట్టాడు. ఇంట్లో ఏదో పాత మిషన్లోంచి పీకి తెచ్చాడు. 'బోర్డు మీద రెండు గదులు ఖాళీగా పడున్నాయి బాబా, అందంగా లేదు' అన్నాడు."

నా నాలుక తెగిపోయినా బావుండేది. ఆయనేమీ అనుకోలేదు. నేను ఊడదీసిన ముక్కలు నాలుగూ, పాత ప్రాసెసరూ అడిగి తీసుకుని, కాగితంలో చుట్టి, చొక్కా జేబులో పెట్టుకున్నారు. కొత్త ప్రాసెసర్ మీద నేను పేస్టు రాసి ఫ్యాను బిగిస్తుంటే ఆ జేబు మీద చెయ్యి వేసుకుని చూస్తూ నిలబడ్డారు.

వాన తగ్గాక ఇద్దరం టాక్సీలో కాంప్ షీజార్‌లోని వాళ్ళ ఫ్లాట్‌కు వెళ్ళాం. సముద్రం వైపు బాల్కనీకి అద్దాలు బిగించి చేసిన చిన్న గది అది. అందులో పాతసామాన్ల వాళ్ళ దగ్గర కొన్న నిజం విమానం సీటు, ఎదురుగా మూడు తెరలు, పక్క గోడకు తైమూర్ యూనిఫాం ఫోటో. ఆయన భార్య సనియ్యా గారు టీ పట్టుకొచ్చారు. ఆవిణ్ణి మేం తాంత్ అంటాం, అత్తయ్య అన్నట్టు.

"బాగు చేశావా నాయనా? గోడ అవతల కూర్చుంటే నాకు విమానంలో ఆ హెచ్చరిక గొంతే వినిపిస్తుంది. లాగు లాగు అని అరుస్తుంది, అరుస్తూ అరుస్తూ గప్‌చుప్‌గా ఆగిపోతుంది. అరుపు కన్నా ఆ ఆగిపోవడమే నా ప్రాణం తీస్తోంది."

"బాగైంది తాంత్. ఇక ఎక్కడా ఆగదు," అన్నాను. పెద్ద గొప్పగా అన్నాను.

నషాత్ గారు సీట్లో కూర్చున్నారు. నివేదిక ఆయనకు కంఠోపాఠం. ఎక్కడ చక్రాలు దించాడు, ఎక్కడ వేగం తగ్గించాడు, ఎక్కడ కుర్రాడితో రన్‌వే కనిపిస్తోందా అని అడిగాడు, ఒక్కటీ తప్పకుండా చేసుకుంటూ దిగారు. తెరలనిండా తెల్లటి మబ్బు. నేను వీడియో రికార్డింగ్ పెట్టి పక్కన నిలబడ్డాను.

మబ్బు విడిపోయింది. కొండా, ఇళ్ళూ, చెట్లూ ఒక్క కుదుపు లేకుండా తెర మీదికొచ్చాయి. అంత అందంగా నడిచే మిషన్ నా చేతుల మీదుగా అంతకుముందు వెళ్ళలేదు. ముందు నాకు సంతోషమే కలిగింది, దాచేదేముంది. హెచ్చరిక గొంతు అరిచింది. నషాత్ గారు లాగారు. విమానం ముక్కు లేచింది. కొండ కిందుగా వెళ్ళిపోయింది.

ఆయన చేతిలోని ప్లాస్టిక్ కర్ర వదిలి తన చెయ్యివైపు చూసుకున్నారు.

"నాకు ముందే తెలుసు కదా అక్కడ కొండ ఉందని," అన్నారాయన. "అందుకని చెయ్యి దానంతటదే వెళ్ళింది. ఇది లెక్కలోకి రాదు. మళ్ళీ."

మళ్ళీ దిగారు. ఈసారి గొంతు అరిచినా వెంటనే లాగలేదు. చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, పెదాలు కదుపుతూ ఆగి, అప్పుడు లాగారు. కొండ మీది చెట్లు దగ్గరగా వచ్చాయి, దాటిపోయాయి. ఇంకోసారి ఇంకాస్త ఆగారు. చెట్ల కొమ్మలు కనిపించేంత దగ్గరయ్యాయి. అయినా దాటింది. ఆయన చొక్కా వీపు మీద తడిసిపోయి ఉంది.

"నువ్వు కూర్చో," అన్నారు లేచి.

"నేనా? హాజీ, నేనేం పైలట్‌నా?"

"కాదు కాబట్టే. నేను ముసలి పైలట్‌ని, నా చేతులు మోసం చేస్తున్నాయేమో. నీకేమీ తెలీదు. నువ్వు కొండని కొడితే చాలు, మిగతాది లాయర్‌తో నేను మాట్లాడుకుంటా."

కూర్చున్నాను. కొట్టేయాలనే కూర్చున్నాను. ఆయన కోసం ఆ కొండకు గుద్దేస్తే నాదేం పోతుంది? ప్లాస్టిక్ కర్రే కదా. మబ్బు విడిపోయేదాకా మనసులో అదే అనుకున్నాను. గొంతు అరిచింది. లాగకు వగ్దీ, లాగకు అనుకుంటూనే ఉన్నాను. కానీ ఎదురుగా కొండ నిండుగా మీదికొస్తుంటే, ఇన్నేళ్ళ శుక్రవారాల అలవాటు నా మాట వినలేదు. నా చేతులు లాగేశాయి. విమానం బరువుగా లేచి కొండను దాటింది. కూరలో ఉప్పెంతో తెలియని నేను కూడా దాటేశాను.

వెనక్కి తిరిగి ఆయన మొహం చూడలేకపోయాను.

"హాజీ, ఇది ఆట," అన్నాను. "తైమూర్ రాత్రంతా నిద్రలేకుండా నడిపి ఉంటాడు. పాత విమానం. చలి. పక్కన అనుభవం లేని పిల్లాడు. మనం ఇక్కడ టీ తాగుతూ కూర్చుని..."

"ఆట అంటున్నావు. మరి ఇన్నాళ్ళూ ఇది కొండని కొడుతుంటే ఆట అనలేదే నువ్వు?"

నేను లేచి సీటు ఖాళీ చేశాను.

ఆయన మళ్ళీ సీట్లో కూర్చున్నారు. ఈసారి ఏ పట్టింపూ లేకుండా, అలసిపోయిన మనిషి ఇంటికెళ్ళినట్టు నడిపారు. మబ్బు విడిపోయింది, గొంతు అరిచింది, లాగారు, కొండ దాటారు, లోయ మీద ఒక చుట్టు తిరిగి, ఊరి మీదుగా వచ్చి రన్‌వే మీద దించారు. చక్రాలు నేలను తాకిన చప్పుడు చిన్నగా వచ్చింది. ఆ ఇంట్లో ఆ చప్పుడు అంతకుముందు ఎప్పుడూ వినపడలేదు.

వంటింట్లోంచి సనియ్యా గారు పరిగెత్తుకొచ్చారు. చేతులకు పిండి ఉంది. గుమ్మం పట్టుకుని తెరల వైపు చూశారు. విమానం రన్‌వే మీద నిలబడి ఉంది, ఇంజన్లు తిరుగుతున్నాయి.

"దిగాడా?" అన్నారు.

"దిగాడు సనియ్యా."

ఆవిడ మొహం వెలిగిపోయింది. పిండి చేతులు రెండూ నోటి దగ్గరికి వెళ్ళాయి. పెళ్ళిళ్ళలో ఆడవాళ్ళు నాలుకతో వేసే కేక వేస్తారేమో అనుకున్నాను. అంత ఆనందం ఆ కళ్ళలో చూశాను. అది ఎంతోసేపు నిలవలేదు. ఆవిడ తెరను చూశారు, భర్తను చూశారు, గోడ మీద కొడుకును చూశారు.

"అంటే, దిగొచ్చన్నమాట," అన్నారు మెల్లగా.

ఆవిడ వంటింట్లోకి వెళ్ళిపోయారు. నా టీ తాగకుండానే చల్లారిపోయింది. నేను వీడియోల గురించి అడగలేదు, ఆయన చెప్పలేదు. మెట్లు దిగుతుంటే నా మీద నాకే కోపం వచ్చింది. సరైన ప్రాసెసర్ ఎంచాను, సరైన మెమరీ ఎంచాను, ఒక్క తప్పు చెయ్యలేదు. పని కాస్త తక్కువ వచ్చి ఉంటే ఆ ఇల్లు నిలబడేది.

ఆ శుక్రవారం మేం ఎగిరినప్పుడు లోయ మీద ఆయన చుక్క లేదు. తర్వాతి శుక్రవారం కూడా లేదు.

"హాజీ మిషన్ ఎలా ఉందిరా? లాయర్‌కి వీడియో ఇచ్చాడా?" అని రంజీ రేడియోలో అడిగాడు.

"నీ పని నువ్వు చూసుకో, ఎత్తు తప్పుతున్నావు," అన్నాను.

"అబ్బో, అడిగినందుకే మీద పడుతున్నావేంటి కెప్టెన్?"

నేను రేడియో కట్టేశాను.

మరి కొన్నాళ్ళకు షాపులో ఉండగా సనియ్యా గారు ఫోన్ చేశారు. గొంతు తగ్గించి మాట్లాడారు. "నాయనా, ఒకసారి వచ్చి పాతవి పెట్టి వెళ్ళు. ఆయన నోరు తెరిచి అడగరు. ఆ గదిలోకి వెళ్ళడం మానేశారు. అన్నం తినరు, నిద్రపోరు. నిన్న ఆ కుర్రవాడి తల్లి ఇంటి దాకా వెళ్ళి, కింద రోడ్డు మీద నిలబడి వచ్చారట. క్షమాపణ అడుగుదామని. తైమూర్ తరఫున."

"పాతవి పెడితే మళ్ళీ ఆగుతుంది తాంత్. మళ్ళీ పడుతుంది."

"తెలుసు," అన్నారావిడ.

నేను వెళ్ళేసరికి నషాత్ గారు ముందుగదిలో కూర్చుని ఉన్నారు. గడ్డం పెరిగిపోయింది. నన్ను చూసి ఎందుకొచ్చావని అడగలేదు. నేను స్క్రూడ్రైవర్ బయటికి తీస్తే, లేచి, జేబులోంచి కాగితం పొట్లం తీసి నా చేతిలో పెట్టారు. అన్నాళ్ళూ దాన్ని జేబులోంచి తియ్యలేదని కాగితం చూస్తేనే తెలిసింది.

ఫ్యాను విప్పాను. నేను ఏరికోరి ఎంచిన ప్రాసెసర్‌ను బయటికి తీసి, పాతదాన్ని దాని చోట కూర్చోబెట్టాను. జత మెమరీ తీసేసి, తైమూర్ పెట్టిన నాలుగు ముక్కలనూ అతను పెట్టిన వరసలోనే పెట్టాను. ఇలాంటి పనిని నా షాపులో ఎవడైనా చేస్తే చెవి మెలిపెట్టి బయటికి తోసేవాణ్ణి. ఆ రోజు మాత్రం ప్రతి ముక్కనూ తుడిచి, శ్రద్ధగా, టక్కుమని కూర్చునేదాకా నొక్కాను. నా కళ్ళు మసకబారాయి, పనికి అడ్డొచ్చింది, మోచేత్తో తుడుచుకున్నాను.

ఆయన వచ్చి సీట్లో కూర్చున్నారు. చక్రాలు దించారు. వేగం తగ్గించారు. తెరల నిండా మబ్బు. మబ్బు విడిపోతూనే బొమ్మ ఆగిపోయింది. కొండ సగం గీసి వదిలేసినట్టు నిలబడింది. గొంతు ఒక్కసారి అరవబోయి మధ్యలో తెగిపోయింది. బొమ్మ గెంతి కదిలేసరికి తెర నిండా రాళ్ళే ఉన్నాయి, ఆ తర్వాత అంతా నల్లబడింది.

నషాత్ గారు దీర్ఘంగా ఊపిరి వదిలారు. భుజాలు కిందికి దిగాయి.

"చూశావుగా వగ్దీ," అన్నారు. "కళ్ళు తెరిచేలోపే మీదికొచ్చేసింది. ఇది ఎవరివల్ల అవుతుంది?"

"ఎవరివల్లా కాదు హాజీ," అన్నాను.

వంటింట్లోంచి సనియ్యా గారి గొంతు వినిపించింది.

"పడిందా?"

"పడింది సనియ్యా."

"అల్‌హమ్‌దులిల్లా, దేవుడి దయ," అన్నారావిడ.